చేప కళ్ళు మూసుకోదేం?

నెల్లిమర్లలో చిన్నపిల్లలున్న ఇంట్లో సెలవులొచ్చాయంటే ఒక రోజు వైజాగ్‌కు కేటాయించినట్టే. ఆర్కే బీచి, సబ్‌మెరైన్, దాని ఎదురుగా విమానం, మత్స్యదర్శిని, కైలాసగిరి, జూ పార్కు. ఎక్కడైనా ఎగ్జిబిషన్ పడిందంటే అందులో జెయింట్ వీలు, గాజు సొరంగంలో చేపలు. ముందురోజు రాత్రి కూర్చుని రాస్తే లిస్టు చాంతాడంత అవుతుంది. తెల్లారగట్ల బయల్దేరి రాత్రి ఇల్లు చేరేలోగా అన్నీ చూపించెయ్యాలన్నది మన పట్టుదల. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలీదు. చార్జీలకీ టికెట్లకీ డబ్బులు ఎటూ అవుతాయి. పైగా పక్కింటివాళ్ళు అన్నీ చూసొచ్చారు.

ఈ తొందరను తప్పు పట్టడానికేం లేదు. అయితే ఇందులో అందరికన్నా ముందు నలిగిపోయేది పిల్లల ప్రశ్న. అద్దాల తొట్టె ముందు నిలబడిపోయి అయిదేళ్ళ పిల్ల అడుగుతుంది: "అమ్మా, చేప నిద్రపోదా? కళ్ళు మూసుకోదేం?" వెనక జనం తోస్తుంటారు, అవతల టికెట్ల లైను పెరిగిపోతుంటుంది. "పదమ్మా పద, ఇంకా చాలా చూడాలి" అని చెయ్యి పట్టి లాగేస్తాం. తర్వాత ఎన్ని చూపించినా ఆ పిల్ల మరో ప్రశ్న అడగడానికి కాస్త వెనకాడుతుంది.

చేపలు నిద్రపోతాయి. చాలా చేపలకు కనురెప్పలే ఉండవు కాబట్టి కళ్ళు తెరిచే విశ్రాంతి తీసుకుంటాయి. ఈ జవాబు చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగిలేలా రోజును ఎలా సర్దుకోవాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది. ప్రయాణం, తిండి, ఖర్చు, జాగ్రత్తలు అన్నీ దాని కోసమే.

లిస్టును సగం చెయ్యండి

పదేళ్ళ లోపు పిల్లలతో వెళ్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చాలు. మధ్యాహ్నం ఎండవేళ తిండికీ, నీడకీ, వీలైతే కాసేపు నడుం వాల్చడానికీ వదిలెయ్యండి. రెండిట్లో ఒకటి జీవాలను చూసేదిగా, ఒకటి ఆడుకునేదిగా ఉంటే పిల్లలకు విసుగు రాదు.

ఉదాహరణకు జూ పార్కే తీసుకోండి. 1977లో మొదలైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంది. "అలా ఓ గంట చూసి వచ్చేద్దాం" అనుకోవడానికి వీలయ్యే చోటు కాదది. జంతువులు చురుగ్గా తిరిగేది పొద్దున్న. ఎండెక్కాక వెళ్తే పులి అయినా, ఎలుగుబంటి అయినా ఏ మూలో నీడలో పడుకుని ఉంటుంది. పిల్లలు "అది కదలట్లేదు" అని గోల పెడతారు, మనం గట్టిగా కేకలేసి దాన్ని లేపాలని చూస్తాం. పొద్దున జూ, సాయంత్రం బీచి పెట్టుకుంటే ఆ రోజుకు అది నిండు కార్యక్రమం. కైలాసగిరి రోప్‌వే ఇంకో సెలవుకు ఉంచండి. అన్నీ ఒక్కరోజే చూసేస్తే వచ్చే ఏడాది పిల్లలు దేని కోసం ఎదురు చూడాలి?

సబ్‌మెరైన్ చూపించాలనుకుంటే ముందే రెండు ముక్కలు చెప్పి తీసుకెళ్ళండి. ఐఎన్ఎస్ కురుసుర 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియంగా ఒడ్డుకొచ్చింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. ఇంత పొడవున్నా లోపల దారి ఇరుకు. నెలల తరబడి నీళ్ళలో తిరిగే మనుషులు ఎక్కడ పడుకునేవారు, ఎలా వండుకునేవారు, స్నానానికి నీళ్ళెక్కడివి అని అడగడం పిల్లలకు నేర్పితే, లోపల అడుగడుగునా వెతుక్కుంటూ నడుస్తారు. మోకాళ్ళ నొప్పులున్న నానమ్మనీ, చంకనున్న పాపాయినీ లోపలికి బలవంతపెట్టకండి. ఇరుకంటే ఊపిరాడనట్టుండే పెద్దవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు బయట బెంచీ మీద కూర్చుంటే పరువేం పోదు.

కురుసురకీ, జూ పార్కుకీ సోమవారం సెలవు. ఆదివారం రద్దీ పడలేక సోమవారం సెలవు పెట్టుకుని వెళ్ళే ఇళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. తెరిచే వేళలు మారుతుంటాయి గనక బయల్దేరే ముందురోజే ఎవరినైనా కనుక్కోండి. గేటు దగ్గర తాళం చూసి ఏడ్చే పిల్లను సముదాయించడం కన్నా అది తేలిక.

దారిలో ఓపిక అయిపోకూడదు

నెల్లిమర్ల స్టేషన్‌లో ఆగే పాసింజరు దొరికితే పిల్లలకు రైలు ప్రయాణమే సగం పండగ. కిటికీ పక్క సీటు, పట్టాల చప్పుడు, పొలాలు. బస్సయితే విజయనగరం వెళ్ళి అక్కణ్ణుంచి వైజాగ్ కాంప్లెక్స్ దాకా. బస్సులో కడుపులో తిప్పే పిల్లలుంటే పొద్దున్నే నూనె ఓడే పూరీలు పెట్టకండి. రెండు ఇడ్లీలు పెట్టి ముందు సీట్లలో కూర్చోబెట్టండి. ఓ ప్లాస్టిక్ కవరు చేతికందేలా ఉంచుకోండి.

షిఫ్టు డ్యూటీ చేసే ఇళ్ళకు మరో మాట. రాత్రి డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, అటునుంచటే రైలెక్కే నాన్నలు మన ఊళ్ళో ఉన్నారు. పిల్లల మీద ప్రేమతోనే చేస్తారది. కానీ నిద్రలేని కంటికి మధ్యాహ్నానికల్లా ఎండ మండుతుంది, ప్రశ్న వినబడితే చిరాకొస్తుంది. వారం ఆగి వెళ్దామంటే పిల్లలు అలగొచ్చు. ఆ అలక రెండు రోజుల్లో పోతుంది.

తిండి మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. దద్దోజనం ఎండకు పులుస్తుంది కాబట్టి అది ముందు తినెయ్యాలి. మంచినీళ్ళు మనిషికో సీసా. ఇలా చేస్తే ఖర్చు తగ్గడమే కాదు, ఆకలేసినప్పుడు హోటలు వెతుక్కుంటూ తిరిగే గంట మిగుల్తుంది. సాయంత్రం బీచిలో మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్నపొత్తు మాత్రం కొనిపెట్టండి. అది లేకపోతే వైజాగ్ వెళ్ళినట్టుండదు.

బొమ్మలకూ ఐస్‌క్రీములకూ పిల్లల చేతికే కొంత డబ్బు పొద్దున ఇచ్చెయ్యండి. "ఇది నీది. దేనికైనా పెట్టుకో, అయిపోతే అయిపోయినట్టే" అని చెప్పండి. ప్రతి బండి దగ్గరా "కొను, కొను" అన్న పేచీ సగానికి సగం తగ్గుతుంది. ఏడేళ్ళ గుంటడు కూడా బుడగ కొనాలా, ఇంకోసారి గుర్రమెక్కాలా అని లెక్కలేసుకుంటాడు.

అద్దం అవతల ఉన్నది ప్రాణి

అక్వేరియంలో అడుగు పెట్టగానే పిల్లలు చేసే మొదటి పని అద్దాన్ని తట్టడం. పెద్దవాళ్ళం మనమే తట్టి చూపిస్తాం, "చూడు చూడు, ఎలా పారిపోయిందో" అని. గాలిలో కన్నా నీళ్ళలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది. ఎవరో మన ఇంటి తలుపు పొద్దస్తమానం దబదబా బాదుతుంటే మనకెలా ఉంటుందో ఆ చేపకీ అలాగే ఉంటుందని చెప్తే, చిన్నపిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఫోన్ ఫ్లాష్ కూడా ఆపెయ్యండి. అద్దం మీద ఫ్లాష్ వేస్తే ఫొటోలో వచ్చేది తెల్లటి మచ్చే.

జూలో జంతువులకు తిండి వెయ్యడం, రాళ్ళు విసరడం, వెక్కిరించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పిల్లలకు తర్వాత చెప్పొచ్చు. "దానికి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చూసుకునే మనిషి ఒకాయన ఉన్నాడు, మనం పెట్టే చిప్స్ తిని దానికి కడుపునొప్పి వస్తే అది ఎవరికి చెప్పుకుంటుంది?" అంటే చాలు. ఆ కాపలా మనిషి ఖాళీగా కనిపిస్తే పలకరించి, పిల్లల చేతే ఒక ప్రశ్న అడిగించండి. రోజూ వాటితో మసిలేవాళ్ళకు బోర్డు మీద రాయని సంగతులు బోలెడు తెలుసు.

పిల్లల్ని ఒక తొట్టె ముందు కాసేపు వదిలెయ్యండి. పేరు చదివించొద్దు, ఇంగ్లీషు స్పెల్లింగు అడగొద్దు. "ఇందులో ఏం కనిపించిందో నువ్వు నాకు చెప్పు" అనండి. సముద్రగుర్రాన్ని చూసి ఆగితే, గుడ్లు మోసి పిల్లల్ని కనేది అందులో మగదే అని చెప్పండి. ఇంట్లో నాన్నను అందరూ ఒక చూపు చూస్తారు. ఆక్టోపస్‌కు మూడు గుండెలనీ, నక్షత్రచేపకు మెదడే లేదనీ చెప్తే ఆ రాత్రి దాకా అదే కబురు. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. నిద్రపోయేటప్పుడు మెదడులో సగాన్నే నిద్రపుచ్చుతుంది, రెండో సగం మేలుకునుంటుంది. బీచి నుంచి కనిపించే డాల్ఫిన్స్ నోస్ కొండను చూపిస్తూ ఈ ముక్క చెప్పడానికి సాయంత్రం బాగుంటుంది.

జవాబు తెలియకపోతే? "నాకు తెలీదమ్మా, కనుక్కుందాం" అనెయ్యండి. నాన్నకు తెలియనివి ఉంటాయని తెలిసిన పిల్ల చదువుకు భయపడదు. కానీ కనుక్కుందామన్నాక మర్చిపోకుండా కనుక్కోవాలి.

"దానికి ఇక్కడ ఇష్టమేనా?"

ఈ ప్రశ్న ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి తప్పక వస్తుంది. బోనులో అటూ ఇటూ ఒకే దారిన తిరిగే జంతువును చూసో, యూట్యూబ్‌లో బంతి ఎగరేసే డాల్ఫిన్‌ను చూసో అడుగుతారు. "ఓ, చాలా ఇష్టం, చూడు నవ్వుతోంది" అని దాటెయ్యకండి. డాల్ఫిన్ మూతి కట్టుబడే అంత, ఎప్పుడూ నవ్వినట్టే ఉంటుంది. బాధలో ఉన్నా ఆ మూతి మారదు.

మన దేశంలో డాల్ఫిన్ల ఆట ఎందుకు లేదో చెప్పండి. 1998లో చెన్నై దగ్గర ఒక పార్కు విదేశాల నుంచి డాల్ఫిన్లను తెప్పించి ప్రదర్శన పెట్టింది. కొన్ని నెలలకే అవి చచ్చిపోయాయి. తర్వాత మరికొన్ని చోట్ల డాల్ఫిన్ పార్కులు పెడతామని ప్రతిపాదనలొచ్చాయి. 2013 మేలో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ అలాంటి వాటికి అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పేసింది. తెలివైన జీవిని వినోదం కోసం తొట్టెలో పెట్టడం సరి కాదన్నది ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన. అందుకే చెన్నై ఈసీఆర్ రోడ్డులో 2019లో తెరిచిన వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌లో గాజు సొరంగం, దాని చుట్టూ చేపలు ఉంటాయి గానీ డాల్ఫిన్ల ఆట ఉండదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ పిల్లలకు ఈ ప్రశ్న ఇంకా దగ్గర. టెక్సాస్‌లో తెలుగు కుటుంబాలకు శాన్ ఆంటోనియో సీ వరల్డ్ వారాంతపు ప్రయాణం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు అబుదాబిలో 2023లో ఇంకో సీ వరల్డ్ తెరుచుకుంది. ఓర్కాల మీద 2013లో వచ్చిన 'బ్లాక్‌ఫిష్' డాక్యుమెంటరీ పెద్ద దుమారం లేపింది. 2016లో ఆ కంపెనీ తమ దగ్గర ఓర్కాల పిల్లల్ని ఇక పుట్టించబోమని ప్రకటించింది. అబుదాబి పార్కులో ఓర్కాలు అసలు లేవు. చూసేవాళ్ళ మనసు మారితే చూపించేవాళ్ళ పద్ధతి మారుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మనవడు వీడియో కాల్‌లో "తాతా, షో చూశాం" అంటే తిట్టకండి. "నీకు ఏమనిపించింది?" అని అడగండి.

ఇటువైపు జూలన్నీ తప్పే అనే ముగింపుకూ రానక్కర్లేదు. గాయపడ్డ జీవాలకు చికిత్స, అంతరించిపోతున్న వాటి సంతతిని నిలపడం అక్కడే జరుగుతాయి. బోను విశాలంగా ఉందా, నీడా నీళ్ళూ ఉన్నాయా, జంతువు దాక్కోవడానికి చోటుందా అని చూడడం పిల్లలకు నేర్పితే, మంచి చోటేదో చెడ్డ చోటేదో వాళ్ళే తేల్చుకుంటారు.

డాల్ఫిన్‌ను చూడాలన్న పిల్లల కోరికకు దారి మన రైలు పట్టాల మీదే ఉంది. అదే హౌరా లైనులో ఇచ్ఛాపురం దాటితే చిలక సరస్సు. అక్కడ సాతపడా వైపు పడవెక్కితే ఇరావడి డాల్ఫిన్లు కనిపించొచ్చు. నూట యాభై దాకా ఉంటాయి ఆ సరస్సు మొత్తంలో. కనిపిస్తాయన్న గ్యారంటీ లేదు, అవి మన టికెట్టు చూసి పైకి రావు. పడవవాడు దగ్గరికి తరమబోతే "వద్దు బాబూ, దూరం నుంచే చూస్తాం" అని మీరే అనండి. పక్కనున్న పిల్లలు అది విని నేర్చుకుంటారు.

ఆటల దగ్గర భయాన్ని గౌరవించండి

జెయింట్ వీలు ఎక్కనని ఏడ్చే పిల్లాణ్ణి "పిరికోడా" అని నలుగురిలో ఆటపట్టించడం మనకు అలవాటు. ఏడుస్తున్నవాణ్ణి ఎత్తి కూర్చోబెడితే ధైర్యం రాదు, మనమీద నమ్మకం పోతుంది. "ఈసారి కింద నిలబడి చూద్దాం, వచ్చేసారి నీకనిపిస్తే ఎక్కు" అంటే చాలామంది పిల్లలు పావుగంటలో వాళ్ళే లైనులో నిలబడతారు.

భయం లేని పిల్లలకు మరో రకం కాపలా కావాలి. ఆట దగ్గర ఎత్తు కొలత బోర్డుంటే, "మా వాడికి రెండంగుళాలే తక్కువండీ, వదిలెయ్యండి" అని బతిమాలకండి. నడుముకు వేసే కడ్డీ, బెల్టు ఆ ఎత్తుకు సరిపోయేలా చేసినవి. చిన్న ఒళ్ళయితే కింద నుంచి జారిపోతుంది. ఆడపిల్లల చున్నీ, విరబోసిన జడ, మెడలో గొలుసు తిరిగే చక్రాల దగ్గర ప్రమాదం. చున్నీ సంచీలో పెట్టించండి, జడ ముడి వేయించండి. తాత్కాలికంగా వేసిన ఎగ్జిబిషన్ ఆటల దగ్గర ఒక్క రౌండు నిలబడి చూడండి. నడిపేవాడు ప్రతి సీటుకీ కడ్డీ వేశాడో లేదో చూస్తున్నాడా? ఇద్దరి సీట్లో నలుగుర్ని కుక్కుతున్నాడా? గాలీ వానా వచ్చినా తిప్పుతూనే ఉన్నాడా? అనుమానం వస్తే ఎక్కకండి. టికెట్టు డబ్బులు పోతే పోయాయి.

సముద్రం దగ్గర మాత్రం మెత్తబడొద్దు

ఇంతసేపూ పిల్లల మాట వినమన్నాను. కెరటాల దగ్గర మాత్రం మీ మాటే చెల్లాలి. ఆర్కే బీచి, యారాడ చూడ్డానికి ఎంత అందమో లోపలి లాగుడు అంత గట్టిది. ఈత వచ్చిన కుర్రాళ్ళు కొట్టుకుపోయిన వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. కెరటాలు విరగకుండా ప్రశాంతంగా కనబడే సన్నటి పాయ చాలాసార్లు వెనక్కి లాగే ప్రవాహమే. తెలియనివాళ్ళు "ఇక్కడ అలలు లేవు" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ నుంచి బయటపడాలి. పక్కనున్నవాళ్ళు తామూ దూకకుండా లైఫ్‌గార్డును పిలవాలి, తాడో తేలే వస్తువో విసరాలి.

పిల్లలకు నియమం ఒక్కటే పెట్టండి: నీళ్ళు మోకాలు దాటకూడదు, పెద్దవాళ్ళ చెయ్యి వదలకూడదు. ఆ చెయ్యి ఎవరిదో ముందే పేరు పెట్టి చెప్పుకోవాలి. "అందరం ఉన్నాం కదా" అనుకున్న చోట ఎవ్వరూ చూడరు. కాపలా ఉన్న మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. స్నానం చేయించాలని ఉంటే లైఫ్‌గార్డులున్న చోటే చూసుకోండి; 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో స్నానానికి హద్దులు గీసిన చోటుంది. అక్కడ కూడా మోకాలు నియమం మారదు.

తప్పిపోతే ఏం చెయ్యాలి

పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళొచ్చిన ప్రతి ఇంటికీ గుంపులో పిల్ల చెయ్యి జారితే గుండె ఎలా ఆగుతుందో తెలుసు. ఆదివారం సాయంత్రం బీచి రోడ్డు అంత కాకపోయినా తక్కువేం కాదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పిల్లల ఫొటో ఒకటి తీసిపెట్టుకోండి. ఆ రోజు ఏ బట్టలు వేశారో కంగారులో గుర్తురాదు. ఫోన్ నెంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. పిల్లకు చెప్పాల్సినవి రెండే: మేం కనబడకపోతే ఉన్నచోటే నిలబడు, పోలీసుకో, పిల్లలతో ఉన్న ఏ అమ్మకో చెప్పు. దొరికాక మొదటి దెబ్బ వెయ్యకండి. దగ్గరికి తీసుకోండి. దెబ్బ తిన్న పిల్ల మరోసారి తప్పిపోతే దాక్కుంటుంది.

మన తీరం సంగతి కూడా చెప్పండి

వైజాగ్ అద్దాల్లో చూసిన సముద్రానికీ మన ఊరికీ చుట్టరికం ఉంది. నెల్లిమర్ల పక్క నుంచి పారే చంపావతి డెంకాడ ఆనకట్ట దాటి, కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. వంతెన మీద నుంచి విసిరిన పాలిథిన్ కవరు వరదొచ్చినప్పుడు చేరేది అక్కడికే. నీళ్ళలో తేలే కవరు సముద్ర తాబేలుకు జెల్లీచేపలా కనబడుతుంది, తినేస్తుంది. ఈ ఒక్క దారిని పిల్లలు మనసులో గీసుకుంటే, పరిశుభ్రత మీద బడిలో రాసే వ్యాసం కన్నా గట్టిగా నిలుస్తుంది.

చలికాలం చివరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వందకు అటూ ఇటూగా ఉంటాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. గూడు వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. ఆర్కే బీచి మొదలు శ్రీకాకుళం తీరం దాకా అటవీ శాఖ వాళ్ళు హేచరీలు పెట్టి, పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటారు. ఆ రోజేదో కనుక్కుని పిల్లల్ని తీసుకెళ్ళగలిగితే ఏ షోకూ తీసిపోదు. అక్కడ ఫోన్ టార్చి వెయ్యకండి, పిల్ల తాబేళ్ళు వెలుగు వైపే నడుస్తాయి. చేతిలోకి తీసుకుని సెల్ఫీ దిగొద్దు.

మనుషులు పట్టించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇటీవలి సంగతి ఒకటుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచికి రెండు టన్నుల వేల్‌షార్క్ కొట్టుకొచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది. పేరులో షార్క్ ఉన్నా మనిషిని ఏమీ చెయ్యదు, నీళ్ళలోని సూక్ష్మజీవుల్నీ చిన్న చేపల్నీ వడగట్టుకు తింటుంది. మన చట్టంలో దానికి 2001 నుంచి రక్షణ ఉంది. అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారులు కలిసి దాన్ని ప్రాణాలతో మళ్ళీ సముద్రంలోకి పంపారు. దాన్ని కోసి పంచుకోవడం తేలికైన పని; వాళ్ళు కష్టమైన పని ఎంచుకున్నారు.

తిరిగొచ్చాక

ఇంటికొచ్చిన రాత్రే "ఏమేం చూశావో చెప్పు, ఇంగ్లీషులో పది లైన్లు రాయి" అని కూర్చోబెట్టకండి. ఆడిన రోజు పరీక్షగా మారితే వచ్చేసారి వాళ్ళు రామని అనరు గానీ, వచ్చినా చూడరు. కాళ్ళు కడిగి, పెరుగన్నం పెట్టి పడుకోబెట్టండి. సంగతులు రెండు మూడు రోజుల్లో వాటంతటవే బయటికొస్తాయి, అన్నం తింటూ, జడ వేయించుకుంటూ. అప్పుడు వినండి. "కనుక్కుందాం" అని మీరు మాటిచ్చిన ప్రశ్నకు జవాబు ఆ వారంలోనే తేల్చండి. బడిలో సైన్సు మాస్టారు ఉన్నారు, ఊళ్ళో చేపలమ్మే అప్ప ఉంది. ఏ చేప ఏ కాలంలో వస్తుందో, దేనికి ముల్లెక్కువో, వేసవిలో అరవై ఒక్క రోజులు వేటకు ఎందుకు సెలవో ఆవిడ చెప్పినంత బాగా ఏ అక్వేరియం బోర్డూ చెప్పదు.

ఈ ఏడాది వైజాగ్ ఖర్చు భరించలేని ఇళ్ళూ ఉంటాయి. పిల్లల ముందు తలొంచుకోవాల్సిన పని లేదు. కోనాడ, చింతపల్లి తీరాలు మనకు ఎంతో దూరం కాదు. చింతపల్లి దగ్గర లైట్‌హౌస్ ఉంది, పడవలు ఒడ్డుకొచ్చే వేళకు వెళ్తే వలల్లోంచి ఏమేం తీస్తారో చూడొచ్చు. బోటు మీది తాత ఖాళీగా ఉంటే పిల్లల చేత అడగనివ్వండి. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, బస్సు చార్జీ ఉంటే ఆ ప్రయాణానికి సరిపోతాయి. అక్కడ కూడా సాయంత్రం చీకటి పడకముందే బయల్దేరండి, మోకాలు నియమం వదలకండి, పిల్ల ఏదో చూస్తూ ఆగిపోతే మీరూ పక్కనే ఆగండి.